ఊపిరి దారి: దమాస్కస్ నుంచి హైదరాబాదు దాకా

ఈ ఏటి సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు మేము మొదట కోటలూ నవాబులూ అనే అనుకున్నాము. అవి చాలామంది రాశారు, ఇక ముందూ రాస్తారు. అందుకని ఈసారి మనందరి ఛాతీలోనూ నిమిషానికి పన్నెండు పదిహేనుసార్లు జరిగే పని చరిత్రే రాద్దామని కూర్చున్నాము. పీల్చిన గాలి లోపలికి పోయి ఏం చేస్తుంది అన్న సంగతి తేలడానికి మనుషులకు పదిహేను వందల ఏళ్లకు పైగా పట్టింది. అందులో ఒక గట్టి ముడిని విప్పినవాడు దమాస్కస్‌లో చదివి, కైరోలో దవాఖానా నడిపిన ఒక హకీం. ఇంకో ముడి విప్పబోయి సగంలో చిక్కుపడ్డవారు మన హైదరాబాదులోనే ఉన్నారు.

మా మనసు ఈ విషయం మీదికి పోవడానికి సొంత కారణం కూడా ఒకటి ఉంది. మా తాత దూది ఏకేవారు. చలికాలం వస్తోందనగానే ఊళ్లోవాళ్లు పరుపులూ బొంతలూ విప్పి ఆయన ముందు పోసేవారు. విల్లు కట్టి నారి మీద బద్దతో కొడుతుంటే ఆ మోత వీధి చివరిదాకా వినిపించేది. దూది మబ్బులాగా లేచేది. ఆ మబ్బులోనే ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకొని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేవారు. యాభై దాటకముందే దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చుని, పిల్లనగ్రోవి ఊదినట్టు ఈలవేస్తూ ఊపిరి తీసేవారు. మా పేట హకీంగారు జోషాందా ఇచ్చేవారు; నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. అందరూ దాన్ని దమా అనే అనేవారు. దూది ధూళి వల్ల వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని వేరే పేరుందనీ, బట్టల మిల్లు కూలీలకు అది వారం సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజునే ఎక్కువగా ఛాతీ పట్టేస్తుందనీ మేము చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాము. అప్పటికి తాత లేరు.

సరే, అసలు సంగతికి వద్దాం. తెలుగులో ఊపిరితిత్తి అన్న మాట పుట్టించినవాడెవరో గాని, కమ్మరి కొలిమిని బాగా చూసినవాడై ఉండాలి. తిత్తిని చేత్తో లాగితే గాలి లోపలికి వస్తుంది, నొక్కితే బయటికి పోతుంది. మన ఛాతీలోనూ జరిగేది అదే. ఊపిరితిత్తులకు తమంతట తాము విప్పుకొనే కండ లేదు. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులాగా ఒక కండరపు పొర ఉంటుంది, దాన్ని ఉదరవితానం అంటారు. అది బిగిసి కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి, వెడల్పుకు జరుగుతాయి. లోపల చోటు పెరిగి, గాలి దానంతట అదే వచ్చి నిండుతుంది. ఆ కండరం వదులైతే తిత్తి ముడుచుకుంటుంది, గాలి బయటికి పోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కో ఊపిరికి సుమారు అరలీటరు గాలి వచ్చిపోతుంది. లాగే చెయ్యి మాత్రం ఉదరవితానమే గాని ఊపిరితిత్తి కాదు.

కాని తిత్తి అన్న మాట సగమే నిజం. తిత్తి లోపల బోలు. ఊపిరితిత్తి లోపల బోలు కాదు. ముక్కు దగ్గర మొదలుపెట్టండి. ముక్కులో వెంట్రుకలు పెద్ద ధూళిని ఆపుతాయి, లోపలి తడి పొర గాలిని వెచ్చచేసి చెమ్మ పెడుతుంది. అక్కడినుంచి గొంతు, గొంతులో స్వరపేటిక. దాని మీద చిన్న మూత ఒకటి ఉంది. ముద్ద మింగేటప్పుడు అది వాలి గాలి దారిని కప్పుతుంది. అన్నం తింటూ మాట్లాడితే ఒక్కోసారి మూత పడడం ఆలస్యమై మెతుకు తప్పుదారిన పోతుంది. మనం పొలమారింది, ఎవరో తలుచుకుంటున్నారు అంటాము. తలుచుకున్నవారి పాపం ఏమీ లేదు, మూతదే ఆలస్యం.

అక్కడినుంచి నాలుగైదు అంగుళాల వాయునాళం. అది నొక్కుకుపోకుండా పదహారు నుంచి ఇరవై దాకా మృదులాస్థి ఉంగరాలు పట్టి ఉంచుతాయి. నిండు ఉంగరాలు కావవి, వెనకవైపు తెరిచి ఉంటాయి. తరువాత నాళం రెండుగా చీలుతుంది. కుడివైపుది కాస్త వెడల్పు, కాస్త నిట్టనిలువు. అందుకే చంటిపిల్లలు చింతగింజో వేరుశెనగ పలుకో మింగబోయి గాలిదారిలోకి పోగొట్టుకుంటే అది ఎక్కువగా కుడివైపుకే జారుతుంది. ఇంట్లో పిల్లలున్నవారు ఇది గుర్తు పెట్టుకోవాలి. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. ఎడమవైపు గుండెకు చోటివ్వాలి కదా. అక్కడినుంచి కొమ్మ రెమ్మగా, రెమ్మ ఈనెగా సుమారు ఇరవైమూడుసార్లు చీలి చీలి, చివర ద్రాక్షగుత్తుల్లాంటి బుడగల దగ్గర ఆగుతుంది. వాటిని వాయుకోశాలంటారు. ఒక మనిషిలో అవి సుమారు 30 కోట్లు, ఒక్కోసారి అంతకు పైగా ఉంటాయి. విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక మోస్తరు ఇల్లంత నేల. బుడగ గోడకు ఆనుకునే వెంట్రుకకంటె సన్నని రక్తనాళాలు అల్లుకొని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర మిల్లీమీటరులో వెయ్యోవంతుకన్నా పలుచన. ఆ పొరగుండా ప్రాణవాయువు రక్తంలోకి పోతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. మనం పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. విడిచేదానిలో సుమారు 16 పాళ్లు ఉంటుంది. ఆ అయిదు పాళ్ల తేడా మీదే మన బతుకు.

మా తాత పీల్చిన దూది ధూళిలో పెద్దది ముక్కులోనే ఆగింది. నడిమిది నాళాల్లోని జిగురుకు అంటుకుంటే, నాళాల గోడల మీది సన్నని నూగు దాన్ని పైకి నెట్టుకుంటూ వచ్చింది. అదే కళ్లెగా వచ్చి పడేది. ఆ నూగు ఓడిపోయినచోట నాళాలు ఉబ్బి బిగుసుకొన్నాయి. ఆయన ఈల అక్కడిది.

ఇదంతా ఇప్పుడు పదో తరగతి పిల్లలు బొమ్మ గీసి చెప్తారు. కాని గాలి రక్తాన్ని కలుసుకునేది ఊపిరితిత్తుల్లోనే అనీ, గుండె కుడివైపు రక్తమంతా ఊపిరితిత్తులను చుట్టి ఎడమవైపుకు వస్తుందనీ మొదట చెప్పినవాడెవరు? మా బళ్లో విలియం హార్వే పేరు చెప్పారు, 1628 అని. మేమూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాము.

హార్వేకు పద్నాలుగు శతాబ్దాల ముందు రోములో గాలెన్ అనే యవన వైద్యుడు ఉండేవాడు. జాలీనూస్ అని మన హకీములు పిలిచేది ఆయన్నే. మనిషి శరీరాన్ని కోసి చూసే వీలు ఆ కాలంలో లేదు. కోతులనూ పందులనూ ఎడ్లనూ కోసి చూశాడు. గొప్ప పరిశీలకుడు. అయినా ఒకచోట తప్పాడు. రక్తం కాలేయంలో పుడుతుందనీ, గుండె కుడిగదిలోకి వచ్చి, రెండు గదుల మధ్యనున్న గోడలోని కంటికి కనపడని రంధ్రాలగుండా చెమర్చినట్టు ఎడమగదిలోకి పోతుందనీ, అక్కడ ఊపిరితిత్తుల నుంచి వచ్చిన గాలితో కలిసి ప్రాణశక్తి అవుతుందనీ చెప్పాడు. ఆ గోడలో రంధ్రాలు లేవు. కాని చెప్పింది గాలెన్. వెయ్యేళ్లు ఎవరూ ఎదురు చెప్పలేదు. మన ఇబ్న్ సీనా (980–1037) అంతటివాడు కూడా ‘అల్ ఖానూన్’లో గుండె విషయంలో చాలామట్టుకు పాతదారినే నడిచాడు, పైగా గుండెకు మూడో గది కూడా ఉందన్న మాటను అలాగే ఉంచాడు.

అలాఉద్దీన్ అలీ ఇబ్న్ అబీ అల్ హజ్మ్ అల్ ఖరషీ, లోకం పిలిచే పేరు ఇబ్న్ అల్ నఫీస్, సుమారు 1213లో దమాస్కస్ ప్రాంతంలో పుట్టాడు. దమాస్కస్‌లో నూరుద్దీన్ జంగీ కట్టించిన నూరీ బీమారిస్తాన్ అనే పెద్ద దవాఖానాలో అద్దఖ్వార్ అనే గురువు దగ్గర వైద్యం చదువుకున్నాడు. తరువాత కైరో చేరాడు. అక్కడ దవాఖానాలో వైద్యం, మస్రూరియ్యా మదర్సాలో షాఫయీ ఫిఖహ్ పాఠం, రెండూ చేసేవాడు. పొద్దున రోగుల నాడి, మధ్యాహ్నం న్యాయశాస్త్రం అన్నమాట. అప్పట్లో ఒకే మనిషిలో ఈ రెండూ ఉండడం వింత కాదు.

ఆయన గురించి పాత చరిత్రకారులు రాసిన ముచ్చట్లు కొన్ని ఉన్నాయి. కలాలు చెక్కించి పక్కన పెట్టించుకొని, గోడవైపు మొగం తిప్పి, ఏ పుస్తకమూ చూడకుండా ధారగా రాసుకుపోయేవాడట. ఒకనాడు హమ్మాంలో స్నానం చేస్తూ చేస్తూ మధ్యలో బయటికి వచ్చి, కాగితం కలం తెప్పించి, నాడి మీద ఒక చిన్న గ్రంథం రాసేసి, మళ్లీ వెళ్లి స్నానం పూర్తి చేశాడట. నిజమెంతో గాని, చదువరులలో రాసే అలవాటున్నవారికి ఆ తొందర అర్థమవుతుంది. వైద్యం మీద మూడు వందల సంపుటాల మహాగ్రంథం తలపెట్టి ఎనభై దాకా శుద్ధప్రతి రాశాడని చెప్తారు. చివరి జబ్బులో తోటి వైద్యులు మందుగా కాస్త సారాయి తీసుకోమంటే, అది కడుపులో ఉంచుకొని అల్లాహ్‌ ఎదుటికి వెళ్లను అని ఒప్పుకోలేదు. 1288 డిసెంబరులో కన్నుమూశాడు. తన ఇల్లూ, పుస్తకాలన్నీ సుల్తాన్ ఖలావూన్ నాలుగేళ్ల కిందటే కట్టించిన మన్సూరీ దవాఖానాకు రాసి ఇచ్చాడు.

ఇక అసలు మాట. 1242లో, ముప్ఫై ఏళ్లు నిండకముందే, ఇబ్న్ సీనా ఖానూన్‌లోని శరీరనిర్మాణ భాగానికి ఒక వ్యాఖ్యానం రాశాడు. వ్యాఖ్యానం అంటే పెద్దల మాటను వివరించడం. ఈయన వివరిస్తూ వివరిస్తూ ఒకచోట ఆగి అడ్డం తిరిగాడు. గుండెకు మూడు గదులు కావు, రెండే అన్నాడు. ఆ రెండింటి మధ్య గోడ గట్టిది, దట్టమైనది. కొందరనుకొన్నట్టు కనపడే రంధ్రమూ లేదు, జాలీనూస్ అనుకొన్నట్టు కనపడని రంధ్రమూ లేదు అన్నాడు. అలాగైతే కుడిగది రక్తం ఎడమకు ఎలా వస్తుంది? కుడిగది నుంచి బయలుదేరే నాళంగుండా అది ఊపిరితిత్తులకు పోవాలి, అక్కడ వాటి కండలో పరుచుకొని గాలితో కలవాలి, ఆ పైన వేరొక నాళంగుండా ఎడమగదికి రావాలి. దారి ఇదొక్కటే అని తేల్చాడు. ఊపిరితిత్తిలో ఆ రెండు నాళాలకూ మధ్య చిన్న చిన్న మార్గాలు ఉండాలని కూడా ఊహించాడు. గుండెకు ఆహారం అందేది దాని గదుల్లోని రక్తంవల్ల కాదు, గుండె కండలోనే పాకే నాళాలవల్ల అని మరో మాటా చెప్పాడు.

ఇక్కడ మేము ఒక మాట చెప్పి తీరాలి. సభల్లో, సంచికల్లో మనవాళ్లు ఒక్కోసారి ఉత్సాహంగా రక్తప్రసరణ అంతా ఇబ్న్ అల్ నఫీసే కనిపెట్టాడు, హార్వే దొంగిలించాడు అంటూ ఉంటారు. అలా కాదు. ఇబ్న్ అల్ నఫీస్ చెప్పింది గుండె నుంచి ఊపిరితిత్తులకు, ఊపిరితిత్తుల నుంచి గుండెకు వెళ్లే దారి. ఒళ్లంతా తిరిగి రక్తం మళ్లీ గుండెకే చేరుతుందని లెక్క కట్టి, కట్టు కట్టి రుజువు చేసినవాడు హార్వే. ఎవరిది వారికిస్తే ఇద్దరూ పెద్దవాళ్లే. అట్లాగే ఇబ్న్ అల్ నఫీస్ మనిషి శవాన్ని కోసి చూశాడా అన్నదీ తగువే. షరీఅత్ కట్టడివల్లా, తన మనసులోని జాలివల్లా ఆ పని జోలికి పోలేదని గ్రంథం మొదట ఆయనే రాశాడు. కాని లోపల ఒకచోట కోసి చూస్తే ఆ మాట అబద్ధమని తేలుతుంది అన్నట్టు మాట్లాడతాడు. పండితులు రెండువైపులా వాదిస్తున్నారు. మా మట్టుకు మాకు, కత్తి పట్టి తేల్చాడన్నదానికంటె దట్టమైన గోడలోంచి రక్తం ఎలా కారుతుంది అని నిలదీసి తేల్చాడన్నదే ఎక్కువ నచ్చుతుంది.

మరి ఇంత మాట ఎందుకు మరుగున పడింది? దీనికి జవాబు వింటే మనసు కలుక్కుమంటుంది. ఇబ్న్ అల్ నఫీస్‌కు పేరు తెచ్చిన పుస్తకం వేరు. ఖానూన్‌ను కుదించి ‘మూజజ్ అల్ ఖానూన్’ అని రాశాడు. వైద్య విద్యార్థులకు చేతికందే పుస్తకం. దానిమీద వ్యాఖ్యానాలెన్నో వచ్చాయి. వాటిలో పదిహేనో శతాబ్దంలో నఫీస్ ఇబ్న్ ఇవజ్ కిర్మానీ రాసిన ‘నఫీసీ’ మన దేశపు యునానీ మదర్సాల్లో పాఠ్యగ్రంథమైంది. పేరు కలిసిందని పొరబడకండి, ఆ నఫీస్ వేరు, మన ఇబ్న్ అల్ నఫీస్ వేరు. మా తాతకు జోషాందా ఇచ్చిన హకీంగారు కూడా తాము చదివినవాటిలో నఫీసీ పేరు చెప్పేవారు. కాని ‘మూజజ్’లో శరీరనిర్మాణం భాగాన్ని ఇబ్న్ అల్ నఫీస్ వదిలేశాడు. అంటే ఆయన పుస్తకం దక్కను దాకా వచ్చింది, ఆయన కనిపెట్టిన నిజం మాత్రం రాలేదు. మా తాత ఛాతీ మీద చెవి పెట్టి విన్న ఆ హకీంగారికి, తమ గురుపరంపరలోనే ఒకాయన ఆ ఛాతీలోని రక్తం దారి చెప్పాడని తెలియదు.

యూరపులో ఈ సంగతి మళ్లీ పుట్టింది. 1553లో మైకేల్ సెర్వెటస్ అనే స్పెయిన్ దేశస్థుడు ఒక మతగ్రంథం మధ్యలో రక్తం ఊపిరితిత్తులగుండా పోతుందని రాశాడు. అదే ఏడు అక్టోబరులో జెనీవాలో ఆయన్ను సజీవంగా కాల్చారు. అది ఊపిరితిత్తుల మాటకు కాదు, మతం మాటకు. 1559లో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు రియాల్డో కొలంబో అదే చెప్పాడు. వీరికి ఇబ్న్ అల్ నఫీస్ మాట చేరిందా? వెనిస్ రాజ్యపు వైద్యుడు ఆండ్రియా అల్పాగో దమాస్కస్‌లో చాలా ఏళ్లు ఉండి అరబ్బీ వైద్యగ్రంథాలను లాటిన్‌లోకి దింపాడు, వాటిలో ఇబ్న్ అల్ నఫీస్ రచన కొంత 1547లో అచ్చయింది. అయితే అందులో ఉన్నది మందుల సంగతి. ఊపిరితిత్తుల దారి చేరిందనడానికి గట్టి సాక్ష్యం దొరకలేదు.

1628లో హార్వే. ఆయనకూ ఒక లోటు ఉండిపోయింది: ధమనుల చివరినుంచి సిరల మొదటికి రక్తం ఎలా దాటుతుందో కళ్లతో చూడలేదు. 1661లో ఇటలీలో మార్సెల్లో మాల్పిగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినికింద పెట్టి, బుడగల గోడలమీద అల్లుకొన్న సన్ననాళాలను చూశాడు. హార్వే అప్పటికి చనిపోయి నాలుగేళ్లు. ఇబ్న్ అల్ నఫీస్ ఉండాలి అన్న చిన్నమార్గాలు ఉన్నాయని నాలుగు వందల పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక కప్ప చెప్పింది.

గాలిలో ఏముందన్నది ఇంకో కథ, అది వేగంగా చెప్పేస్తాము. 1667లో లండన్‌లో రాబర్ట్ హుక్ నిజంగానే కొలిమితిత్తులు తెచ్చి, ఒక కుక్క ఊపిరితిత్తులకు చిల్లులు పొడిచి, ఎడతెగకుండా గాలి ఊదాడు. ఊపిరితిత్తులు కదలకుండా నిలిచి ఉన్నా కుక్క బతికింది. కావలసింది కదలిక కాదు, కొత్త గాలి అని తేలింది. 1774లో ప్రీస్ట్లీ ప్రాణవాయువును పట్టాడు. లావోయిజియే దానికి పేరు పెట్టి, ఊపిరి అంటే నెమ్మదిగా మండడమే అన్నాడు. 1794లో ఫ్రెంచి విప్లవం ఆయన తల తీసింది.

1924లో ఈజిప్టు నుంచి జర్మనీ వెళ్లి చదువుకొంటున్న ముహ్యుద్దీన్ అత్తత్తావీ అనే యువ వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో ఇబ్న్ అల్ నఫీస్ వ్యాఖ్యానపు రాతప్రతిని చదివి, ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి తన పరిశోధన సమర్పించాడు. కైరోలో ఉండే కంటివైద్యుడు, చరిత్రకారుడు మాక్స్ మేయర్‌హోఫ్ మిగతా రాతప్రతులూ చూసి నిజమే అని లోకానికి చాటాడు. ఏడు శతాబ్దాలు ఆ కాగితాలు అలమారాల్లో ఉన్నాయి. చదివేవాడు కావలసి వచ్చాడు, అంతే.

ఇక హైదరాబాదు. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫాం మత్తు కనిపెట్టాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫాం కిందనే చనిపోయింది. అక్కడినుంచి తగువు. క్లోరోఫాం ముందు ఆపేది గుండెనా, ఊపిరినా? లండన్‌వారు గుండె అన్నారు, ఎడిన్‌బరోవారు ఊపిరి అన్నారు. ఇది పండితుల కాలక్షేపం కాదు. మత్తు ఇచ్చేవాడి కన్ను రోగి ఛాతీ మీద ఉండాలా, వేలు నాడి మీద ఉండాలా అన్నది దీన్ని బట్టే. పొరపాటు పడితే బల్ల మీద మనిషి పోతాడు.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో చదివినవాడు. హైదరాబాదు మెడికల్ స్కూలు ఆయన చేతికింద ఉండేది. ఆ స్కూలు 1846లో పుట్టింది, చాలాకాలం అక్కడ వైద్యవిద్య ఉర్దూలోనే సాగింది. లారీ హయాంలో ఇంగ్లీషు వచ్చింది. ఆయన శిష్యురాలే రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ మహిళ. మత్తు ఇవ్వడాన్నే తన పనిగా చేసుకొన్న తొలి స్త్రీలలో ఆమె పేరు చెప్తారు.

లారీ 1888లో నిజాం మహబూబ్ అలీఖాన్ సాయంతో మొదటి క్లోరోఫాం కమిషన్ పెట్టి, నూటికి పైగా కుక్కల మీద చూసి, ముందు ఆగేది ఊపిరే అన్నాడు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రికవారు నమ్మలేదు. అప్పుడు నిజాం, వెయ్యి పౌన్లు ఇస్తాము, మీకు నమ్మకమైనవాణ్ణి పంపి చూపించుకోండి అన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద వైద్యుడు హైదరాబాదు వచ్చాడు. రెండో కమిషన్‌లో లారీ, బ్రంటన్‌లతోబాటు బామ్‌ఫర్డ్, రాజ్యపు వైద్యశాఖకు చెందిన రుస్తుంజీ హకీం ఉన్నారు. నాలుగు వందలకు పైగా జంతువులు, కుక్కలూ కోతులూ మేకలూ గుర్రాలూ. ఆ లెక్క రాస్తుంటే ఇప్పుడు మాకు చెయ్యి ఆడదు. చివరికి బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు: ప్రమాదం ఊపిరి ఆడకపోవడంవల్లా మోతాదు మించడంవల్లానే గాని నేరుగా గుండె మీద ఏమీ లేదని. 1890లో లాన్సెట్ నిండా హైదరాబాదు పేరే.

హైదరాబాదీలకు గర్వంగా ఉండే కథ ఇది. కాని పూర్తి కాలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు పిల్లుల మీద చూపించాడు: క్లోరోఫాం పలుచగా ఉన్నప్పుడు, ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నితే గుండె ఒక్కసారిగా లయ తప్పి అల్లాడి ఆగిపోతుంది. అడ్రినలిన్ ఎగదన్నేది భయం పుట్టినప్పుడు. కాలిగోరు తీస్తారని వణికిన పదిహేనేళ్ల పిల్ల విషయంలో ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు, అదొక అవకాశం మాత్రం. అంటే మోతాదు మించితే హైదరాబాదు చెప్పింది నిజం, మొదటి నిమిషాల్లో లండన్ చెప్పింది నిజం. లారీ తప్పు ఏమంటే, నాడి చూడనే అక్కర్లేదు, చూస్తే దృష్టి మళ్లుతుంది అని గట్టిగా నిలబడడం. ఆ మాట నమ్మినవారి చేతుల్లో పోయిన ప్రాణాలెన్నో ఎవరికీ తెలియదు. ఊపిరిని మాత్రం క్షణం విడవకుండా చూడు అన్న ఆయన మాట నేటికీ చెల్లుతుంది. మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ దవాఖానాను 1908 సెప్టెంబరు వరద కొట్టుకుపోయింది. తరువాత ఆ ఒడ్డునే ఉస్మానియా దవాఖానా లేచింది.

ఆ వేలు నాడి మీదా, కన్ను ఛాతీ మీదా అన్న తగువును ఇప్పుడు ఒక చిన్న పట్టుకమ్మీ తీరుస్తోంది. 1974 ప్రాంతంలో జపాన్‌లో తకువో అవోయాగి అనే ఇంజనీరుకు తట్టిన ఆలోచన. వేలికి తగిలిస్తే ఎర్రకాంతిని వేలిగుండా పంపి, రక్తంలో ప్రాణవాయువు ఎంత నిండిందో లెక్క చెప్తుంది. 2020, 2021 సంవత్సరాల కరోనాలో అది మన ఇళ్లలోకి కూడా వచ్చింది. సిలిండరు కోసం అర్ధరాత్రి తిరిగినవారు ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఉన్నారు, వారికి మేము చెప్పవలసిందేమీ లేదు.

మొన్న చలికాలం మా సంఘం పెట్టిన వైద్యశిబిరంలో మేము వరస దగ్గర కూర్చొని పేర్లు రాసుకొంటున్నాము. ఎనభై దాటిన ఒక నానీమా వచ్చి కూర్చున్నారు. ఆమె భర్తా దూది ఏకినవాడే. కుర్ర డాక్టరు ఆమె వేలికి కమ్మీ తగిలించాడు. రెండు అంకెలు వెలిగాయి. ఆమె కళ్లద్దాలు సర్దుకొని చూసి అడిగారు:

‘‘ఇది ఊపిరిదా బాబూ, గుండెదా?’’

‘‘రెండూనమ్మా. పైది మీ ఊపిరి ఎంత అందుతోందో చెప్తుంది. కిందిది గుండె కొట్టుకోవడం.’’

‘‘పైది ఎంతుంది?’’

‘‘తొంభైనాలుగు.’’

‘‘మా ఆయనకు ఇది చూసినవాళ్లు లేరు నాయనా,’’ అన్నారామె. డాక్టరు స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకొని, గట్టిగా ఊపిరి తీయమన్నాడు.